ముద్దాయి నోటి కథ: తెర మీద ఫ్రాంక్ లూకస్

‘అమెరికన్ గ్యాంగ్‌స్టర్’ చివర, ప్రేక్షకుడు కుర్చీలోంచి లేవబోయే వేళకు, తెర మీద కొన్ని వాక్యాలు పడతాయి. మాదకద్రవ్యాల వ్యాపారి ఫ్రాంక్ లూకస్, సినిమాలో అతణ్ణి పట్టుకునే డిటెక్టివ్ రిచీ రాబర్ట్స్ చేతులు కలపడంతో న్యూయార్క్‌లోని మాదకద్రవ్య నిరోధక సంస్థ డీఈఏ సిబ్బందిలో నాలుగింట మూడు వంతుల మందికి శిక్షలు పడ్డాయన్నది అందులో ఒక మాట. సినిమా 2007 నవంబరులో వచ్చింది. మూడు నెలలు తిరక్కుండానే ఆ సంస్థలో పనిచేసి రిటైరైన అధికారులు నిర్మాణ సంస్థ మీద పరువునష్టం దావా వేశారు. విచారించిన ఫెడరల్ న్యాయమూర్తి కొలీన్ మెక్‌మాన్ దావా కొట్టేశారు. వందలాది మంది ఉన్న సమూహాన్ని మొత్తంగా అన్న మాట ఏ ఒక్కరి పరువునూ తీసినట్టు కాదన్నది అందుకు ఆధారం. అయితే ఆ వాక్యం పూర్తిగా తప్పని, లూకస్ సహకారం వల్ల శిక్షపడిన డీఈఏ అధికారి ఒక్కడూ లేడని కూడా ఆమె రాశారు. కేసు వీగిపోయింది గానీ అబద్ధం రికార్డుకెక్కింది.

ఇంతకీ ఆ ‘నాలుగింట మూడు వంతులు’ ఎక్కడిది? న్యూయార్క్ పోలీసు శాఖలో మాదకద్రవ్యాల కేసులు చూసే ప్రత్యేక దర్యాప్తు విభాగం ఒకటి ఉండేది. అందులోని 70 మంది డిటెక్టివ్‌లలో 52 మంది మీద అవినీతి అభియోగాలు నమోదయ్యాయి. లెక్కవేస్తే దాదాపు నాలుగింట మూడు వంతులే. ఆ పుట్ట పగలడంలో ముఖ్యపాత్ర లూకస్‌ది కాదు, ఆ విభాగంలోనే పనిచేసి దర్యాప్తు అధికారులకు సహకరించిన రాబర్ట్ లూచీ అనే డిటెక్టివ్‌ది. అతని కథతో సిడ్నీ లుమెట్ 1981లోనే ‘ప్రిన్స్ ఆఫ్ ది సిటీ’ తీశాడు. లూచీ ఖాతాలోని లెక్కే లూకస్ ఖాతాలోకి బదిలీ అయిందని రుజువు చేయలేం. అంకెలు మాత్రం అనుమానించక తప్పనంత దగ్గరగా ఉన్నాయి.

నేరచిత్రాల మీద చర్చ వచ్చినప్పుడల్లా ‘హింసను కీర్తిస్తున్నారా లేదా’ అన్న దగ్గరే బండి ఆగిపోతుంది. అంతకంటే ముందు అడగాల్సింది వేరే ఉంది: ఈ కథ ఎవరు చెప్పారు? ‘అమెరికన్ గ్యాంగ్‌స్టర్’కు ఆధారం 2000లో న్యూయార్క్ మ్యాగజైన్‌లో మార్క్ జాకబ్సన్ రాసిన కథనం. ఆ కథనానికి ఆధారం లూకస్ నోరు. జాకబ్సన్ ముసలి లూకస్‌ను కూర్చోబెట్టి మాట్లాడించాడు. స్టీవెన్ జైలియన్ దాన్ని స్క్రీన్‌ప్లేగా మలిచాడు, రిడ్లీ స్కాట్ తెరకెక్కించాడు. చిత్రీకరణ జరుగుతుంటే లూకస్ సెట్‌కు వచ్చి డెంజల్ వాషింగ్టన్‌కు తన నడవడి గురించి చెప్పేవాడు. సాక్షీ తనే, సలహాదారూ తనే, కథానాయకుడూ తనే.

శవపేటికల సంగతే చూడండి. వియత్నాంలో చనిపోయిన అమెరికన్ సైనికుల పేటికలకు అడుగున దొంగ అర చేయించి, అందులో హెరాయిన్ తెప్పించానని లూకస్ చెప్పుకున్నాడు. నార్త్ కరోలినా నుంచి ఒక వడ్రంగిని బ్యాంకాక్ తీసుకెళ్ళి, ప్రభుత్వ పేటికలకు నకళ్ళు చేయించానన్నాడు. సినిమాలో అందరికీ గుర్తుండేది అదే. జెండాలు కప్పిన పేటికలు విమానంలోంచి దిగుతుంటే ప్రేక్షకుడి కడుపులో దేవుతుంది. కానీ బ్యాంకాక్ నుంచి సరుకు పంపిన అసలు మనిషి, మాజీ సార్జెంట్ లెస్లీ అట్కిన్సన్, ఆ కథను కొట్టిపారేశాడు. సరుకు వెళ్ళింది పేటికల్లో కాదు, ఫర్నిచర్‌లో అన్నాడు. అతనూ నేరస్థుడే, అతని మాటా వేదం కాదు. అయినా బల్లలు, బీరువాల్లో వచ్చిన హెరాయిన్‌కు సినిమా కళ ఉండదు. రెండు మాటల్లో తెర దేన్ని ఎంచుకుంటుందో ఊహించడం కష్టమేమీ కాదు. సినిమాలో అట్కిన్సన్ పేరు కూడా లేదు, అతని స్థానంలో నేట్ అనే బంధువు కనిపిస్తాడు. బ్యాంకాక్‌లో ఏళ్ళ తరబడి నడిచిన వ్యవస్థంతా హార్లెమ్ కుర్రవాడొకడి తెలివితేటలుగా మారిపోయింది.

ఈ సినిమా చెప్పాలనుకున్నది నిజానికి వ్యాపారం కథ. గురువు బంపీ జాన్సన్ పెద్ద దుకాణంలో నిలబడి, దళారులు లేని కొత్త కాలాన్ని తిట్టుకుంటూ కుప్పకూలతాడు. ఆ తిట్టులోంచే శిష్యుడు పాఠం నేర్చుకుంటాడు: ఇటాలియన్ మాఫియా అనే దళారిని తప్పించి, పుట్టినచోటే సరుకు కొని, చవగ్గా అమ్మాలి. అసలు బంపీ 1968 జులైలో హార్లెమ్‌లోని వెల్స్ రెస్టారెంట్‌లో గుండె ఆగి చనిపోయాడు. అప్పుడు తను పక్కనే ఉన్నానన్నాడు లూకస్. బంపీ భార్య మేమీ జాన్సన్ అదేం లేదంది. చావును రెస్టారెంట్ నుంచి దుకాణానికి మార్చడం రచయిత స్వేచ్ఛ, దాన్ని తప్పుపట్టనక్కరలేదు. వారసత్వం మాత్రం లూకస్ చెప్పుకున్నదే.

వ్యాపారం కోణం బాగా పండిన దృశ్యం మరొకటుంది. తన ‘బ్లూ మ్యాజిక్’ హెరాయిన్‌ను మరో మాదకద్రవ్య వ్యాపారి నిక్కీ బార్న్స్ పల్చన చేసి అదే పేరుతో అమ్ముతున్నాడని లూకస్ వెళ్ళి నిలదీస్తాడు. పేరంటే నమ్మకం, నాసిరకం సరుకు మీద ఆ పేరు వేయకూడదన్నది అతని వాదన. పాలలో నీళ్ళు కలిపిన ఏజెంటును డెయిరీ యజమాని మందలిస్తున్నట్టుంటుంది. నవ్వొస్తుంది, ఒప్పుకోబుద్ధి కూడా అవుతుంది. అమ్ముతున్నది విషమన్న సంగతి ఆ రెండు నిమిషాలూ మరుగున పడుతుంది. ఇది స్కాట్‌కు తెలియక కాదు. థాంక్స్‌గివింగ్ విందులో లూకస్ కుటుంబం నిండు బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు మధ్యమధ్య సూదులు గుచ్చుకునేవాళ్ళు, శవం పక్కన ఏడ్చే పసిబిడ్డ కనిపిస్తారు. సినిమాలోకెల్లా నిజాయితీ ఉన్న ఘట్టం అదే. కానీ బల్ల దగ్గరివాళ్ళకు పేర్లున్నాయి, సూదులవాళ్ళకు లేవు.

అరెస్టు దగ్గర సినిమాకూ రికార్డులకూ అసలు పొంతన లేదు. తెర మీద రాబర్ట్స్ దళం చర్చి బయట, భక్తిగీతం నేపథ్యంలో లూకస్‌ను పట్టుకుంటుంది. అసలు దాడి 1975 జనవరిలో న్యూజెర్సీలోని టీనెక్‌లో, అతని ఇంట్లో జరిగింది. చేసింది డీఈఏ, న్యూయార్క్ పోలీసుల ఉమ్మడి దళం. దొరికిన నగదు 5 లక్షల 84 వేల డాలర్ల పైచిలుకు. ఇంకా చాలా డబ్బుండేదని, వచ్చినవాళ్ళు నొక్కేశారని లూకస్ ఆరోపణ. సినిమాలో ఇంటి మీద పడేది లంచగొండి డిటెక్టివ్ మూక. వాళ్ళు గోడలు బద్దలుకొట్టి కుక్కను కాల్చేస్తారు. రిటైరైన అధికారులకు ఒళ్ళు మండింది ఇక్కడే. రాబర్ట్స్‌కు కూడా ఫిర్యాదుంది: తెర మీద బిడ్డ కోసం కోర్టు చుట్టూ తిరిగే తండ్రిని చేశారు, తనకు అసలు పిల్లలే లేరు.

ముగింపులో 1991లో లూకస్ జైలు గేటు దాటి బయటికొస్తాడు. పదిహేనేళ్ళ శిక్ష ఏకబిగిన తీరినట్టు చూసేవాళ్ళకు తోస్తుంది. నిజానికి అతను 1981లోనే విడుదలయ్యాడు. 1984లో మళ్ళీ మాదకద్రవ్యాల కేసులోనే పట్టుబడి ఇంకో ఏడేళ్ళు లోపలున్నాడు. పశ్చాత్తాపంతో ముగియాల్సిన కథకు ఆ రెండో అరెస్టు అడ్డం. అందుకే తీసేశారనుకోవాలి. లూకస్ హయాంలో మాదకద్రవ్యాల కేసుల ప్రత్యేక ప్రాసిక్యూటర్‌గా పనిచేసి తర్వాత న్యాయమూర్తి అయిన స్టెర్లింగ్ జాన్సన్, సినిమాలో నిజం నూటికి ఒక్క పాలేనని, డెంజల్ చూపించిన మనిషికీ తనకు తెలిసిన క్రూరుడికీ పోలికే లేదని తేల్చేశారు.

‘అమెరికన్ గ్యాంగ్‌స్టర్’ వచ్చిన 2007లోనే మన దేశంలో ‘బ్లాక్ ఫ్రైడే’ థియేటర్లకు వచ్చింది. 1993 ముంబయి పేలుళ్ళ మీద హుస్సేన్ జైదీ రాసిన పుస్తకం ఆధారంగా అనురాగ్ కశ్యప్ నిందితులను అసలు పేర్లతోనే చూపించాడు. టాడా కోర్టు తీర్పు వచ్చేదాకా విడుదల కుదరదని బొంబాయి హైకోర్టు రెండేళ్ళు ఆపింది. విచారణ దెబ్బతింటుందన్నది నిందితుల అభ్యంతరం. హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్ళిన రామ్ గోపాల్ వర్మది ఇంకో దారి. ‘కంపెనీ’లో మాలిక్, చందూలను చూసినవాళ్ళకు దావూద్ ఇబ్రహీం, ఛోటా రాజన్‌ల తగాదా తట్టకుండా ఉండదు. పేర్లు మాత్రం మార్చాడు. మన సినిమాల మొదట్లో ‘అన్నీ కల్పితం’ అనే ప్రకటనను చూసి నవ్వుకుంటాం గానీ, దాని వల్ల వర్మకు ఒక మేలు జరిగింది. డాన్ ఆత్మకథను మోయాల్సిన పని లేకపోయింది. తెర మీది లూకస్‌లా మాలిక్ ఎవరికీ టర్కీ కోళ్ళు పంచడు. ముభావంగా కూర్చుని, అనుమానంతో మనుషుల్ని తీసేస్తాడు. అసలు పేరు పెట్టిన హాలీవుడ్ చిత్రం కంటే మారుపేర్ల ‘కంపెనీ’యే ముఠాల మనస్తత్వానికి దగ్గరగా వెళ్ళిందనిపిస్తుంది.

సినిమా వచ్చాక లూకస్ పేరు మళ్ళీ మోగింది. అదే స్ఫూర్తితో ర్యాపర్ జే-జీ ఒక ఆల్బమే చేశాడు. 2012లో, 17 వేల డాలర్ల ప్రభుత్వ చెక్కును రెండోసారి మార్చుకోబోయిన కేసులో చక్రాల కుర్చీలోని ఆ ‘హార్లెమ్ రారాజు’ నేరం ఒప్పుకుని ప్రొబేషన్‌తో బయటపడ్డాడు. 2019 మే 30న చనిపోయినప్పుడు అమెరికన్ పత్రికలు డెంజల్ ప్రస్తావనతో సంతాప కథనాలు వేశాయి. కొద్దిరోజులకే న్యూయార్క్ టైమ్స్ ఇంకో వార్త బయటపెట్టింది. 1977లో తమ ఆదివారం పత్రిక ముఖచిత్రంగా వెలిగి, యావజ్జీవ శిక్ష పడ్డాక సొంత ముఠా మీదే సాక్ష్యం చెప్పి, ప్రభుత్వ రక్షణలో పేరు మార్చుకుని బతికిన నిక్కీ బార్న్స్ 2012లోనే చనిపోయాడు. ఏడేళ్ళపాటు లోకానికి ఆ సంగతే తెలియలేదు.