పద్దునకెక్కని ఖర్చు

మన చిత్తూరు జిల్లాలో విద్యార్థుల పోటీలను గూర్చి చెప్పవలసివచ్చినపుడు కట్టమంచి రామలింగారెడ్డిగారి పేరు ముందుగా వచ్చును. మద్రాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా నుండగా, 1899లో అచటి ఆంధ్రభాషాభిరంజనీ సంఘమువారి కవితాపోటీలో ఆయన "ముసలమ్మ మరణము"నకు బహుమతి లభించెను. ఆ కావ్యమును గూర్చి పండితులు వ్రాసినది చాల గలదు. కాని ఆ విద్యార్థి చదువుకొఱకు ఇంటిలో ఎవరేమి విడిచిరో, ఎవరెన్ని రాత్రులు మేలుకొనిరో మనము విచారింపము. లెక్కలు వ్రాయుట వృత్తిగా గలవాడనగుటచే ఈ లోటు నాకు త్వరగా కనబడును. బహుమతి జమ పద్దునకు ఎక్కును. దానికై తల్లిదండ్రులు వెచ్చించిన ప్రొద్దు ఏ పద్దునకును ఎక్కదు.

ఆ లెక్క కొంతవఱకైనను వెలుగులోనికి వచ్చినది సముద్రముల కావల. అమెరికా దేశమున పిల్లలచేత ఆంగ్లపదముల స్పెల్లింగు చెప్పించు జాతీయపోటీ యొకటి 1925లో పుట్టెను. ఆ మొదటి యేడు వాషింగ్టను నగరమున తుదిపోటీకి నిలిచినవారు తొమ్మండుగురే. ఫ్రాంక్ న్యూహౌసర్ అను పదునొకండేండ్ల బాలుడు "గ్లాడియోలస్" అను పూలమొక్క పేరును తప్పులేక చెప్పి, బంగారు నాణెములుగా 500 డాలర్లు గెలిచెను.

తెలుగున నిట్టి పోటీ పెట్టినచో రక్తి కట్టదు. మనము పలికినట్లే వ్రాయుదుము గదా. (అయినను నా యొద్దకు వచ్చు అర్జీలలో ళకార లకారములును, ఒత్తులును పడు పాట్లు చూచినపుడు, ఒకసారి పెట్టి చూడవచ్చు నేమో యని తోచును.) ఆంగ్లమునకు ఆ నిలుకడ లేదు. గ్రీకు, లాటిను, ఫ్రెంచి, జర్మను, ఏ భాషనుండి వచ్చిన మాట ఆ భాష వేషముతోనే తిరుగును. కావున వేదిక మీది పిల్లవాడు మాటయొక్క అర్థమును, అది వచ్చిన భాషను అడిగి తెలిసికొని, ఆపై అక్షరములు చెప్పవలెను. తప్పినచో గంట మ్రోగును. తల్లిదండ్రులు ప్రేక్షకులలో కూర్చుండి చూడవలసినదే, పెదవి కదపరాదు.

1985లో బాలు నటరాజన్ అను బాలుడు ఈ పోటీని గెలిచి, భారతసంతతి విజేతలలో మొదటివాడయ్యెను. తరువాత మన తెలుగు పిల్లలును వరుసగా వచ్చిరి. 2003లో సాయి గుంటూరి, 2012లో స్నిగ్ధ నందిపాటి, 2024లో బృహత్ సోమ గెలిచిరి. నా మనస్సును పట్టినవాడు మాత్రము 2013లో గెలిచిన అరవింద్ మహంకాళి.

హైదరాబాదునుండి వెళ్లిన కుటుంబము, కాపురము న్యూయార్కున. తండ్రి కంప్యూటరు వృత్తివాడు, తల్లి వైద్యురాలు. ఇరువురును పనికి పోవువారే. బాలుడు 2010లో తొమ్మిదవ స్థానమున నిలిచెను. 2011లో మూడవ స్థానము. 2012లో మరల మూడవ స్థానమే. ఆ రెండేండ్లును వానిని పడగొట్టినవి జర్మను మూలమున్న మాటలే: ఒకటి చిత్రకళా రీతి పేరు, రెండవది నరమునకు వచ్చు కంతి పేరు. గెలుపు అంచుననే రెండుమారులు గంట విని దిగివచ్చిన బిడ్డను మరల పుస్తకము ముందు కూర్చుండబెట్టుట ఎంత కష్టమో పిల్లలను పెంచినవారికి తెలియును. నాలుగవసారి, పదుమూడవ యేట, అతనికి తుదకు వచ్చిన మాటయు జర్మను జాడదే. "క్నేడెల్" అనగా యూదుల వంటకమైన పిండియుండ. ఈసారి తప్పలేదు. బహుమతి 30,000 డాలర్లు. వినోదమేమనగా, పోటీ ముగిసిన పిదప ఆ మాటకు సరియైన స్పెల్లింగు అది కాదని యూదుభాషా పండితులే వాదమునకు దిగిరి!

ఆనాడు తండ్రి పత్రికలవారితో ఒక మాట చెప్పెను. తన తండ్రి ఇంటిలో తెలుగు పద్యములను మొదటినుండి తుదకును, తుదినుండి మొదటికిని చదివెడివారనియు, భాషమీది మమకారము తమ యింట అట్లు వచ్చినదేననియు. ఇది చదివినపుడు నాకు వేంకటాధ్వరి రాఘవయాదవీయము స్ఫురించెను. ముందునుండి చదివిన రామకథ, వెనుకనుండి చదివిన కృష్ణకథ. ఆ తాతగారి పద్యములు న్యూయార్కులో ఆంగ్లపదములుగా ఫలించినవి.

ఇట్టి తల్లిదండ్రుల శ్రమను ఒక చోట కూర్చినవారును తెలుగువారే. రత్నం చిట్టూరిగారు 1989లో నెలకొల్పిన నార్త్ సౌత్ ఫౌండేషన్ 1993నుండి అచటి భారతీయుల పిల్లలకు పోటీలు నడుపుచున్నది. నడుపువారు జీతగాండ్రు కారు, సెలవుదినములను విడిచి వచ్చు తల్లిదండ్రులు. ఆ పోటీలవలన చేకూరు సొమ్ముతో మన దేశమున బీద విద్యార్థులకు వేతనము లిచ్చుచున్నారు.

నా ఖాతా కూడ ఇచట చూపవలెను. సుమారిరువదేండ్ల క్రిందట మా అమ్మాయి కుప్పములో వక్తృత్వపు పోటీకి పోయెను. వచ్చెదనని మాట ఇచ్చితిని. అది మార్చి నెలాఖరు. లెక్కలు తెగలేదు, నేను పోలేదు. సాయంకాలము బస్సు దిగి వచ్చినపుడు చేతిలో రెండవ బహుమతి యున్నది. "నాయనా, నీకని ఒక కుర్చీ పట్టి పెట్టినాను, ఎవరినీ కూర్చోనీలేదు" అనెను. ఆపై ఏమియు అనలేదు.

ఇప్పుడు దాని కొడుకు సెలవులకు వచ్చినపుడు, సాయంకాలము మన గ్రంథాలయమునకు తీసికొనివచ్చి శబ్దరత్నాకరము తెఱచి మాటలడుగుచుందును. వాడు "క్ష" వ్రాయుటకు ఇంకను తడబడుచున్నాడు. లెక్కల పుస్తకములను నేను ఇంటిలోనే వదలి వచ్చుచున్నాను.