మార్కెట్ పేరులో మిగిలిన సభాపతి

విజయవాడలో ఆటో ఎక్కి ‘కాళేశ్వరరావు మార్కెట్’ అంటే చాలు, డ్రైవరు ఇంకేమీ అడగడు. వన్‌టౌన్‌లో కూరగాయల గంపల మధ్య, పండ్ల బుట్టల మధ్య, తెల్లవారుజాము బేరాల మధ్య ఆ పేరు రోజూ వేల నోళ్లలో నానుతూనే ఉంటుంది. చిన్నప్పుడు నేనైతే ఆ మార్కెట్టు కట్టించిన షావుకారి పేరే అది అనుకునేవాణ్ని. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఆయన ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి స్పీకరు అయ్యదేవర కాళేశ్వరరావు అని.

ఆయన రాజకీయం ఓట్లతో మొదలు కాలేదు. పుస్తకాలతో మొదలైంది. ముందు తెలుగులో చదవాలి, ఆ తర్వాత తెలుగువాళ్లకో రాష్ట్రం కావాలి, ఆ రాష్ట్రానికో సభ ఉండాలి. యాభై ఏళ్లకు పైబడిన ఆయన ప్రజాజీవితం ఈ మూడు మెట్ల మీదుగానే నడిచింది.

నందిగామ దారి

1880ల తొలినాళ్లలో నందిగామలో పుట్టారు. బందరు నోబుల్ కాలేజీలో చదువుకున్నారు. రఘుపతి వెంకటరత్నం నాయుడు పాఠాలు చెప్పిన కాలేజీ అది. చదువు ముగించి బెజవాడలో, అంటే నేటి విజయవాడలో, వకీలుగా స్థిరపడ్డారు.

నందిగామ అంటే అప్పట్లో కృష్ణా జిల్లాకు వాయవ్యపు గుమ్మం. ఆ దారిన పోతే వచ్చేది నిజాం రాజ్యం. అటువైపే మునగాల సంస్థానం ఉండేది. చుట్టూ నిజాం భూములే అయినా, పాలన లెక్కల్లో అది కృష్ణా జిల్లాలో ముక్క. ఆ సంస్థానంలో దివానుగా పనిచేసినవారు కొమర్రాజు లక్ష్మణరావు. 1906లో హైదరాబాదులో ఆయన విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని పెట్టినప్పుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావుతో పాటు కాళేశ్వరరావు కూడా చేయి కలిపారు. సరిహద్దుకు రెండువైపులా ఉన్న తెలుగువాళ్లు కలిసి చేసిన పని అది. యాభై ఏళ్ల తర్వాత వచ్చిన విశాలాంధ్రకు విత్తనం అక్కడే పడిందని నా నమ్మకం.

మండలి ప్రచురించిన మొదటి పుస్తకం గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. బానిసత్వాన్ని రద్దు చేసిన పరాయి దేశపు నాయకుడి కథ తెలుగు ఇళ్లలోకి అలా వచ్చింది. కాళేశ్వరరావు కూడా ఆ బాటలోనే నడిచారు. ఫ్రెంచి విప్లవం గురించీ, ఈజిప్టు, తుర్కీ, చైనా జాతుల మేలుకోలు గురించీ తెలుగులో రాశారు. ఇంగ్లీషు రాని రైతు కూడా లోకంలో ఎక్కడెక్కడ సింహాసనాలు కూలాయో తెలుసుకోవాలని ఆయన కోరిక. రాసినవాళ్లకు ముప్పు లేకపోలేదు. బెజవాడ నుంచి వెలువడిన ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు 1908లో గాడిచర్ల జైలు పాలయ్యారు.

బెజవాడ వేదిక

కృష్ణ మీద ఆనకట్ట, కాలువలు, 1893 నాటి రైలు వంతెన, మద్రాసుకూ కలకత్తాకూ నిజాం రాజ్యానికీ పోయే రైళ్లు. వీటన్నిటి మధ్య బెజవాడ నలుగురూ కలిసే ఊరైంది. 1914 ఏప్రిల్‌లో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల కార్యకర్తలు రామమోహన గ్రంథాలయంలో సమావేశమయ్యారు. అంతకు ముందు ఏడాది బాపట్లలో మొదలైన ఆంధ్ర మహాసభ రెండో సమావేశం కూడా ఆ ఏడాది ఈ ఊళ్లోనే. గ్రంథాలయం కావాలన్న గొంతులూ రాష్ట్రం కావాలన్న గొంతులూ ఒకే ఊళ్లో వినిపించాయి. కాళేశ్వరరావు రెండిటికీ కావలసినవారే.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌కు కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు కావాలని తీర్మానించింది ఇక్కడే. పింగళి వెంకయ్య జెండా నమూనాను గాంధీజీ చేతికిచ్చిందీ ఆ రోజుల్లోనే. అప్పటి సహాయ నిరాకరణ ఉద్యమం ఈ ఊరి వకీళ్లను కోర్టు గుమ్మం నుంచి జైలు గుమ్మానికి నడిపించింది. కాళేశ్వరరావు కూడా ఆ దారి తొక్కి, పలుమార్లు జైలుకు వెళ్లొచ్చారు.

1937లో మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. రాజాజీ మంత్రివర్గ కాలంలో పార్లమెంటరీ కార్యదర్శిగా పనిచేశారు. అదే ఏడాది నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇంట్లో శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది. రాష్ట్రం వస్తే రాయలసీమకు అన్యాయం జరగదని కోస్తావాళ్లు మాటిచ్చారు. ఆ మాట ప్రకారమే 1953 అక్టోబరు 1న పుట్టిన ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది. రాజధాని తమకే వస్తుందనుకున్న బెజవాడకు అప్పుడు నిరాశే మిగిలింది.

ఎర్రజెండా డెల్టాలో

అప్పటికే డెల్టా రాజకీయం మారిపోయింది. 1952 ఎన్నికల్లో కృష్ణా తీరంలో కాంగ్రెస్ దెబ్బతింది. కమ్యూనిస్టుల మద్దతుతో విజయవాడ లోక్‌సభ స్థానం గెలిచింది కవి హరీంద్రనాథ్ చటోపాధ్యాయ, సరోజినీ నాయుడి తమ్ముడు. మూడేళ్లు తిరిగేసరికి గాలి మళ్లింది. 1955లో 196 స్థానాల ఆంధ్ర శాసనసభలో కమ్యూనిస్టులకు దక్కినవి 15 మాత్రమే. కాంగ్రెస్ తరఫున విజయవాడ దక్షిణం నుంచి కాళేశ్వరరావు గెలిచారు. పక్కనే ఉన్న గన్నవరం నుంచి కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గెలిచారు. వాళ్ల పార్టీల మధ్య పొత్తు కుదరని కాలం అది. కానీ తెలుగువాళ్లంతా ఒకే రాష్ట్రంలో ఉండాలన్న మాట మీద ఇద్దరిదీ ఒకే దారి. విశాలాంధ్ర మహాసభకు అధ్యక్షుడిగా కాళేశ్వరరావు ఊరూరా చెప్పింది ఆ మాటే.

అవతలి గొంతు కూడా గట్టిదే. తెలంగాణను కొంతకాలం విడిగా ఉంచి, 1961 ఎన్నికల తర్వాత అక్కడి సభ మూడింట రెండొంతుల మెజారిటీతో ఒప్పుకుంటేనే కలపాలని రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణకు వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955లో చెప్పింది. అయినా 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు ప్రాంతాల నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది.

మాట్లాడించే పని

1956 డిసెంబరు 4న కాళేశ్వరరావు స్పీకరయ్యారు. అప్పటికి డెబ్బై దాటాయి. హైదరాబాదులో నిజాం కాలంలో టౌన్‌హాలుగా కట్టిన భవనంలో ఆ సభ. కర్నూలు నుంచి వచ్చినవాళ్లు ఒకవైపు, హైదరాబాదు శాసనసభలో కూర్చున్నవాళ్లు ఇంకోవైపు. తెలుగుతో పాటు ఉర్దూ, ఇంగ్లీషు కూడా అక్కడ వినిపించేవి. 1957లో తెలంగాణలో మాత్రమే అసెంబ్లీ ఎన్నికలు జరిగాయి. అక్కడ కొత్తగా గెలిచిన 105 మంది వచ్చి, 1955లోనే గెలిచి కొనసాగుతున్న 196 మంది పక్కన కూర్చున్నారు. మొత్తం 301 మంది. ఆ తర్వాత కొండా లక్ష్మణ్ బాపూజీ డిప్యూటీ స్పీకరయ్యారు.

జీవితమంతా వాదించినవారికి స్పీకరు పీఠం కఠినమైన పరీక్ష. విశాలాంధ్ర మంచిదని చెప్పిన నోటితోనే, ఆ కలయిక మీద ఫిర్యాదు చేసే సభ్యుడికి మాట్లాడే సమయం ఇవ్వాలి. తన పార్టీ ప్రభుత్వాన్ని సుందరయ్య నిలదీస్తుంటే అడ్డుపడేవాళ్లను కూర్చోమనాలి. నీలం సంజీవరెడ్డి, దామోదరం సంజీవయ్య, ఇద్దరు ముఖ్యమంత్రుల హయాం ఆయన అధ్యక్షతలోనే గడిచింది. 1959లో పల్లెపాలనకు కొత్త రూపమిచ్చిన పంచాయతీ సమితుల చట్టం ఆ సభ చేసిందే. అదే ఏడాది ఆయన ఆత్మకథ వచ్చింది. పేరు ‘నా జీవిత కథ – నవ్యాంధ్రము’. తన బతుకునూ రాష్ట్రం బతుకునూ ఆయన విడదీసి చూసుకోలేదని చెప్పడానికి ఆ పేరు చాలు.

1962 ఫిబ్రవరి 26న, దేశంలో మూడో సార్వత్రిక ఎన్నికలు జరిగిన నెలలోనే, కన్నుమూశారు. తెలుగును అధికార భాషగా చేసిన చట్టం 1966లో వచ్చింది. ఆ రోజు చూడ్డానికి ఆయన లేరు.

ఏటికి ఆవల

2014 జూన్ 2న ఆయన కోరుకున్న రాష్ట్రం రెండైంది. అంతమాత్రాన ఆయన శ్రమ వృథా అయిందనుకోను. ఏ సభలోనైతే కలిసి ఉందామని ఆయన తరం వాదించిందో, విడిపోతామన్నవాళ్లూ ఆ సభలోనే నిలబడి తెలుగులో తమ వాదన వినిపించారు. అందరి మాటా వినేందుకు ఒక చోటు ఉండాలన్న ఆయన పట్టుదల నెగ్గింది.

ఇవాళ మార్కెట్టు దగ్గర బయల్దేరి ప్రకాశం బ్యారేజీ దాటి, కరకట్ట మీదుగా వెళ్తే వెలగపూడి వస్తుంది. 2017 మార్చి నుంచి ఆంధ్రప్రదేశ్ శాసనసభ సమావేశమవుతున్నది అక్కడే. బెజవాడ వకీలు ఆ సభను వెతుక్కుంటూ మద్రాసు వెళ్లారు, కర్నూలు వెళ్లారు, హైదరాబాదు వెళ్లారు. ఇప్పుడది ఆయన ఊరికి కృష్ణ దాటితే చాలు అన్నంత దగ్గరికొచ్చింది. అక్కడికి వెళ్లే ప్రతి శాసనసభ్యుడూ ఒక్కసారి ఈ మార్కెట్టు ముందు ఆగి, ఆ బోర్డు మీద పేరు చదివి వెళ్తే బావుంటుంది.