కంప్యూటరు విద్యుత్ పెట్టె - మరమ్మతు విద్య

గోదావరి పాయల నడుమనున్న కోనసీమకు కంప్యూటరు కొత్తదే గాని, దానికి విద్యుత్తునందించు పెట్టెలోని కిటుకు అంత కొత్తది కాదు. పల్లెలకు కరెంటు తీగలు రాని కాలమది. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైన పిమ్మట, అట్టి ఊళ్లలో రేడియో కొన్నవారు దానిని బ్యాటరీతో నడుపుకొనవలసి యుండెను. ఆనాటి సెట్లలోని వాల్వులకు వంద వోల్టులకు మించిన విద్యుత్తు కావలెను. కారు బ్యాటరీ ఇచ్చునది ఆరు వోల్టులే. ఈ లోటు తీర్చుటకు కొన్ని సెట్లలో వైబ్రేటరు అను చిన్న డబ్బా ఉండెడిది. అందులోని ఉక్కు రేకు సెకనుకు సుమారు నూరుసార్లు కొట్టుకొనుచు ప్రవాహమును తెంచుచు, మరల కలుపుచు ఉండును. అట్లు తునకలైన ప్రవాహము ట్రాన్స్‌ఫార్మరులో ప్రవేశించి హెచ్చు వోల్టేజిగా వెలువడును. సెట్టు పెట్టగానే వినబడు తుమ్మెద రొద ఆ రేకుదే.

నేడు కంప్యూటరు దుకాణములలో ఎస్‌ఎంపీఎస్ అని పిలువబడు పెట్టె ఆ వైబ్రేటరు వంశములోనిదే. ఉక్కు రేకు స్థానమున ట్రాన్సిస్టరు వచ్చినది. నూరుసార్లకు బదులు సెకనుకు ముప్పది, నలువది వేలసార్లు ప్రవాహము తెగుచున్నది. ఇంత వేగమెందుకు? కాలువ నీటిని తొట్టికి చేర్చువాడు పెద్ద కడవతో నాలుగు మారులు తిరుగవచ్చును, చిన్న చెంబుతో నూరు మారులు తిరుగవచ్చును; చేరు నీరు ఒకటే. ట్రాన్స్‌ఫార్మరు ఆ పాత్ర వంటిది. సెకనుకు ఏబది ఆవృత్తులు గల ఇంటి కరెంటుతో పనిచేయవలెనన్న అది ఇటుకంత బరువుండవలెను. వేగము వందల రెట్లు పెరిగినపుడు అగ్గిపెట్టెను మించని ఫెర్రైటు ముక్క చాలును.

తొలినాటి కంప్యూటర్లు పాత పద్ధతినే, అనగా బరువైన ట్రాన్స్‌ఫార్మరును, మిగులు వోల్టేజిని వేడిగా పారవేయు నియంత్రకమును వాడినవి. హెచ్చు వోల్టేజిని వేగముగా తెంచగల ట్రాన్సిస్టర్లు వచ్చిన తరువాత మార్పు మొదలయ్యెను. 1976లో సిలికాన్ జనరల్ సంస్థలో రాబర్ట్ మమానో రూపొందించిన ఎస్‌జి1524 చిప్పుతో, అంతవరకు అనేక భాగములతో కూర్చవలసిన నియంత్రణ వలయము ఒక్క ముక్కలోనికి వచ్చెను. 1977లో ఆపిల్-2 కంప్యూటరుకు రాడ్ హోల్ట్ 38 వాట్ల స్విచింగు సప్లైని తయారుచేసెను. ఈ పద్ధతి అక్కడనే పుట్టెనని కొందరు వ్రాయుదురు, అది సరికాదు. ఉపగ్రహములలోను, కొన్ని మినీ కంప్యూటర్లలోను అది అంతకుముందే ఉన్నది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలోని పెట్టె శక్తి 63.5 వాట్లు, 1984 నాటి పీసీ-ఏటీలో అది 192 వాట్లకు పెరిగెను.

తెలుగుదేశమున కంప్యూటరు కథ హైదరాబాదులో 1967లో స్థాపించబడిన ఈసీఐఎల్‌తో ముడిపడి యున్నది. దాని వ్యవస్థాపకుడు అయ్యగారి సాంబశివరావు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించెను. కోనసీమవారికి వశిష్ఠ ఆవలి గట్టు సీమయే అది. 1969లో ట్రాంబేలో నిర్మితమైన టీడీసీ-12 కంప్యూటరును ఈసీఐఎల్ తయారుచేసి విక్రయించెను. యంత్రమును నిర్మించినవాని చేతిలో దాని వలయ పటముండును. కొన్నవానికి అది దక్కదు. ఈ భేదము 1978లో ఐబీఎం భారతదేశమును విడిచినపుడు స్పష్టమయ్యెను. దాని యంత్రముల సంరక్షణ భారము, 1975లోనే ఏర్పడియున్న ప్రభుత్వ సంస్థ సీఎంసీ భుజములపై పడెను.

చెడిన యంత్రమును బాగుచేయుటకు రెండు మార్గములు కలవు. చెడిన పలకనో పెట్టెనో మొత్తముగా తీసి కొత్తది బిగించుట ఒకటి. ఆ పెట్టెలో చెడిన రూపాయి, రెండు రూపాయల భాగమును వెదకి మార్చుట రెండవది. కూలి హెచ్చుగా నుండి సామాను చవుకగా నుండు దేశములలో మొదటిది లాభసాటి. ఏటి ఆవలినుండి సామాను తెప్పించుకొనవలసిన అమలాపురము, రాజోలు, కొత్తపేట వంటి చోట్ల లెక్క తలక్రిందులు.

ఇచ్చటి మరమ్మతుదారునికి వైబ్రేటరుకు, కంప్యూటరుకు నడుమ మెట్టయినది రంగుల టెలివిజను. 1982 ఆగస్టు 15న రంగుల ప్రసారములు మొదలయ్యెను. 1984లో దేశమంతట చిన్న ప్రసార కేంద్రములు వెలసెను. ఆ సెట్లలోనే రేడియో మెకానిక్కులు తొలిసారి మెయిన్స్ కరెంటును నేరుగా తెంచు వలయమును చూచిరి. కంప్యూటరు పెట్టె తరువాత వచ్చినపుడు దాని మొగము కొత్తదే గాని నడక తెలిసినదే.

నడక తెలిసినను చిక్కుముడి ఒకటి మిగిలెను. 1990లలోని సాధారణమైన ఏటీ పెట్టెలో 230 వోల్టుల కరెంటు డయోడుల గుండా పోయి, రెండు పెద్ద కండెన్సర్లపై సుమారు 325 వోల్టులుగా నిలుచును. దానిని 13007 రకపు ట్రాన్సిస్టర్ల జంట తెంచును. వాటిని ఎప్పుడు తెరువవలెనో, ఎప్పుడు మూయవలెనో నిర్ణయించునది పదునారు కాళ్ల టీఎల్494 చిప్పు. చిప్పుకు విద్యుత్తు వచ్చునది పెట్టె బయటికిచ్చు వైపునుండి! పెట్టె నడిచిననే చిప్పునకు తిండి. చిప్పు నడిపిననే పెట్టె. చెట్టు ముందా, విత్తు ముందా? తొలి క్షణమున ట్రాన్సిస్టర్లు రెండును తమంతట తామే కొంచెము కదలునట్లు కొన్ని నిరోధకములు అమర్చబడి యుండును. ఆ కదలికతో చిప్పు మేల్కొని పగ్గములు చేపట్టును. ఇది గ్రహింపనివాడు చచ్చిన పెట్టెలో చిప్పు కాళ్లపై వోల్టేజి లేదని చూచి, బాగున్న చిప్పును మార్చుచు కూర్చుండును. గ్రహించినవాడు మెయిన్స్ తీసివేసి, బయటినుండి పండ్రెండు వోల్టులు పన్నెండవ కాలికిచ్చును. పదునాలుగవ కాలిపై ఐదు వోల్టులు కనబడినచో చిప్పు ప్రాణముతో ఉన్నట్లే. తప్పు వేరొకచోట వెదకవలెను.

ట్రాన్సిస్టరు కాలినదని దానిని మాత్రము మార్చుట మరియొక పొరపాటు. అది ఒంటరిగా పోదు. జత ట్రాన్సిస్టరును, పక్కనున్న చిన్న నిరోధకములను, డయోడులను వెంట తీసికొనిపోవును. వాటిని పరీక్షింపక కొత్తది అతికినచో స్విచ్చి వేసిన క్షణమున పెద్ద శబ్దముతో అదియు పోవును. ఒక్కొక్క శబ్దము మెకానిక్కునకు ఒకనాటి కూలి. దానికి విరుగుడుగా వచ్చినది సీరీస్ బల్బు. అరువదియో నూరో వాట్ల బల్బును పెట్టెకు వరుసలో కలిపి కరెంటు ఇత్తురు. లోపల షార్టున్నచో బల్బు పూర్తిగా వెలుగును, పెట్టె బ్రదుకును. దోషము లేనిచో ఒక్కసారి మెరసి మందగించును. ఇంత చవుకైన రక్షకుడు మరొకడు లేడు.

అయితే బల్బు కాపాడునది పెట్టెను, మనిషిని కాదు. ప్లగ్గు తీసిన పిమ్మట కూడ ఆ కండెన్సర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలువయుండవచ్చును. నిరోధకము గుండా దానిని ఖాళీ చేసి, మీటరుతో చూచి, అటుపై చేయిపెట్టవలెను; స్క్రూడ్రైవరుతో టపాకాయ పేల్చుట విద్య కాదు. ఈ పెట్టెలో రెండు లోకములు కలవు: మెయిన్స్‌తో అంటియున్న వేడి వైపు, కంప్యూటరు వంకనున్న చల్లని వైపు. రెండింటి నేల ఒకటి కాదు. ఆసిలోస్కోపు నేల తీగను వేడి వైపున తగిలించుట మెయిన్స్‌ను భూమికి కలుపుటతో సమానము. వెనుకనున్న 115-230 మీట 115 వంక నుండగా కరెంటు ఇచ్చినచో కండెన్సర్లపై 650 వోల్టులకు చేరువగా పడి అవి పగులును.

కోనసీమ నేల, గాలి కూడ ఈ విద్యకు గురువులే. సముద్రపు ఉప్పుగాలికి అతుకులు పచ్చబారును. వెచ్చదనమునకు చేరిన బల్లి ట్రాన్సిస్టర్ల నడుమ చనిపోయి షార్టగును. 1996 నవంబరు 6 నాటి తుపానులో కొబ్బరి తోటలతోబాటు విద్యుత్ స్తంభములును కూలెను. అట్టి విపత్తులలో తడిసిన పెట్టెలకు తొలి చికిత్స కడిగి, బాగుగా ఆరబెట్టుటయే. తొందరపడి కరెంటు ఇచ్చినవారు కంప్యూటరును కూడ పోగొట్టుకొందురు.

1995లో ఏటీఎక్స్ నమూనా వచ్చెను. అందు యంత్రము ఆగియున్నను ఊదా తీగపై ఐదు వోల్టులు నిలిచియుండును. కనుక తొలి పరీక్ష అక్కడనే. అది ఉన్నచో ఆకుపచ్చ తీగను నల్లతీగకు కలిపి పెట్టెను లేపుదురు. 1999 మొదలు కొన్నేండ్లపాటు నాసి రసాయనముతో చేసిన కండెన్సర్లు ప్రపంచమంతట తలలుబ్బి చెడెను. ఆ రోజులలో కంటిచూపే సగము పరీక్ష. క్రమముగా కొత్త పెట్టె ధర పడిపోగా, చాల దుకాణములు పాతదానిని తీసి కొత్తది బిగించు మార్గమునకే మరలినవి. ఆ లెక్కను తప్పుపట్టలేము. మూడు గంటల శ్రమకు గిట్టుబాటు కావలెను గదా. కాని ఎల్ఈడీ టెలివిజనులోను, ఫోను చార్జరులోను, విద్యుత్ స్కూటరు చార్జరులోను ఉన్నది ఆ 325 వోల్టులే, ఆ తెంచుటయే. వాటిని విప్పి చూచు బల్లపైన సీరీస్ బల్బు ఇంకను వ్రేలాడుచునే యున్నది.