స్టార్ లేడు అనే మాట వెనకాల: రెడ్‌ఫర్న్ టీమ్ చరిత్ర



పోస్ట్ కొంచెం పెద్దదే. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి.

మా హాస్టల్ కబడ్డీ టీమ్ ఈ ఏడాది కూడా మొదటి రౌండ్‌లోనే ఓడిపోయి వచ్చింది. ఆ రాత్రి మెస్‌లో కంచాలు ముందు పెట్టుకుని ఎవ్వరం మాట్లాడలేదు. చివరికి ఒక సీనియర్ అన్న అన్నాడు, "ఎంత చెప్పు తమ్ముడూ, మనకి ఒక్క స్టార్ రైడర్ లేడు. ఇంక ఏం గెలుస్తాం?" అందరూ తలూపారు. నేనూ ఊపాను. ఊపినాక ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. స్టార్ లేడు సరే. ఎందుకు లేడు? ఉన్నోళ్లు ఎక్కడికి పోయారు? లేకపోతే ఉన్నా మనకే కనబడలేదా?

నేను చదివేది హిస్టరీ. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు కాబట్టి ఏది చదివినా మా గూడెంతో పోల్చుకోవడం అలవాటైపోయింది. ఈ ప్రశ్న పట్టుకుని చదువుతా ఉంటే ఆస్ట్రేలియాలో ఒక టీమ్ కథ దొరికింది. దాని పేరు సౌత్ సిడ్నీ రాబిటోస్. ఆడేది రగ్బీ లీగ్. ఆ టీమ్ అభిమానులు ఏళ్ల తరబడి మా సీనియర్ అన్న అన్న మాటే అన్నారు.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. రగ్బీ లీగ్‌లో ఒక్కో వైపు 13 మంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతిలో పట్టుకుని ఎదుటోళ్ల గీత దాటించి నేలకి ఆనిస్తే దాన్ని ట్రై అంటారు, ఇప్పుడు దానికి 4 పాయింట్లు. ఎదుటోళ్లు పట్టుకుని పడేస్తారు. 6 సార్లు పట్టుబడేలోపు పని కాకపోతే బంతి వాళ్లకి ఇచ్చేయాలి. మన కబడ్డీ ఆడినోడికి ఈ పట్టు సంగతి వేరే చెప్పక్కర్లేదు. లీగ్‌లో ఆఖరి స్థానంలో నిలిచిన టీమ్‌కి అక్కడ ఎగతాళిగా ఒక పేరుంది, చెక్క గరిటె. కప్పు ఒకరికి, చెక్క గరిటె ఇంకొకరికి.

ఇక టీమ్ సంగతి. 1908లో సిడ్నీలోని రెడ్‌ఫర్న్ టౌన్ హాల్‌లో ఈ క్లబ్ పుట్టింది. రెడ్‌ఫర్న్ అంటే కూలోళ్ల పేట. రైల్వే వర్క్‌షాపులు, ఫ్యాక్టరీలు, ఇరుకు ఇళ్లు. పల్లెల నుంచి, మిషన్ల నుంచి పని కోసం వచ్చిన ఆబోరిజినల్ కుటుంబాలు, అంటే అక్కడి ఆదివాసీలు, ఎక్కువగా చేరింది ఇక్కడే. వాళ్లు తమకంటూ రెడ్‌ఫర్న్ ఆల్ బ్లాక్స్ అనే క్లబ్ కూడా పెట్టుకున్నారు. సౌత్స్ పెద్ద టీమ్, ఆల్ బ్లాక్స్ పేట టీమ్. రెండూ ఒకే మట్టి.

ఈ టీమ్ ఎప్పుడూ ఓడిపోయే టీమ్ కాదు. 1908లో మొట్టమొదటి కప్పు వాళ్లదే. 1971 నాటికి 20 కప్పులు. 1967, 1968, 1970, 1971, అంటే 5 ఏళ్లలో 4 సార్లు గెలిచారు. ఆ టీమ్‌లో ఎరిక్ సిమ్స్ అనే ఆబోరిజినల్ ఆటగాడు ఉండేవాడు. 1969లో ఒక్క సీజన్‌లోనే 265 పాయింట్లు కొట్టాడు. ఆడుతూ ఆడుతూనే బంతిని నేల మీద వదిలి కాలితో గోల్ కొట్టడం ఆయన ప్రత్యేకత. దాన్ని ఫీల్డ్ గోల్ అంటారు, అప్పుడు దానికి 2 పాయింట్లు. 1970 ఫైనల్‌లో అలాంటివి 4 కొట్టాడు. మరుసటేడు ఆ గోల్ విలువని 2 నుంచి 1కి తగ్గించేశారు. ఆ మార్పుకి సిమ్స్ కాలే కారణమని ఇప్పటికీ చెప్పుకుంటారు. మనోడు బాగా ఆడితే రూలే మారిపోయింది. ఇది చదివి నవ్వాలో ఏం చేయాలో నాకు తెలియలేదు.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. 1967 మే నెలలోనే ఆస్ట్రేలియాలో రెఫరెండం జరిగింది. ఆబోరిజినల్ ప్రజలని దేశ జనాభా లెక్కల్లో కలపొద్దని రాజ్యాంగంలో ఉన్న మాటని తీసేసింది ఆ ఓటుతోనే. అదే ఏడు సౌత్స్ కప్పు గెలిచింది. స్కోరు బోర్డు మీద సిమ్స్ కొట్టిన పాయింట్లు అప్పటికే లెక్కలోకి వస్తున్నాయి. ఆయన జనం దేశం లెక్కలోకి రావడానికి మాత్రం ఓటు కావాల్సి వచ్చింది.

మరి అలాంటి టీమ్‌కి స్టార్లు ఎలా లేకుండా పోయారు? డబ్బు. క్లబ్ దగ్గర డబ్బు అయిపోయింది. 1972 సీజన్‌కి జాన్ ఓనీల్, రే బ్రానిగన్ మాన్లీ అనే క్లబ్‌కి పోయారు. రాన్ కూట్ ఈస్టర్న్ సబర్బ్స్‌కి పోయాడు. తర్వాత ఏమైందో చూడండి. 1972, 1973 కప్పులు మాన్లీకి. 1974, 1975 కప్పులు ఈస్టర్న్ సబర్బ్స్‌కి. 1975లో చెక్క గరిటె సౌత్స్‌కి. టాలెంట్ చచ్చిపోలేదు, చిరునామా మారింది అంతే. పెంచింది ఒక పేట, పంట కోసుకుంది ఇంకో పేట. మన అడవిలో కాసిన చింతపండు, ఇప్పపువ్వు సంతలో ఎవరి చేతికి పోతుందో చూసినోళ్లకి ఇది కొత్త కథ కాదు.

1989లో ఒకసారి లీగ్ పట్టికలో పైన నిలిచారు. 1990లో మళ్లీ ఆఖర్న పడ్డారు. అదే 1990లో ఒక్కో క్లబ్ జీతాలకి ఇంత మించి ఖర్చు పెట్టకూడదని హద్దు పెట్టారు. దాన్ని శాలరీ క్యాప్ అంటారు. డబ్బున్నోడే స్టార్లందరినీ కొనేయకుండా అన్నమాట. కానీ 1995లో రూపర్ట్ మర్డోక్ కంపెనీ సూపర్ లీగ్ అని వేరే లీగ్ మొదలుపెట్టి, ఆటగాళ్లని పెద్ద పెద్ద మొత్తాలకి తీసుకోవడంతో ఆట రెండు ముక్కలైంది. 1997లో రెండు లీగులు విడివిడిగా నడిచాయి. 1998లో కలిశాయి. కలిసేటప్పుడు పెట్టిన షరతు ఏంటంటే 2000 నాటికి 20 టీమ్‌లు 14 కావాలి. 1999 అక్టోబర్‌లో లెక్కలు వేసి సౌత్స్‌ని తీసేశారు. 1908 నుంచి ఉన్న టీమ్‌ని.

ఇక్కడ జనం కదిలారు. జార్జ్ పిగిన్స్ అనే పాత ఆటగాడు క్లబ్ చైర్మన్‌గా కోర్టుకి వెళ్లాడు. 2000 నవంబర్‌లో కింది కోర్టులో ఓడిపోయారు. ఓడిపోయిన కొద్ది రోజులకే, నవంబర్ 12న, దాదాపు 80 వేల మంది సిడ్నీ వీధుల్లో నడిచారు. గెలిచిన టీమ్ కోసం ఊరేగింపు చేయడం చూశాం. అసలు లేని టీమ్ కోసం 80 వేల మంది నడవడం నేనెక్కడా చదవలేదు. 2001 జూలైలో అప్పీల్ గెలిచారు. 2002లో టీమ్ తిరిగొచ్చింది.

కథ ఇక్కడ ఆగితే సినిమా అయ్యేది. కానీ చరిత్ర సినిమా కాదు కదా.

తిరిగొచ్చిన టీమ్ 2003లో 3 మ్యాచ్‌లు గెలిచింది, చెక్క గరిటె. 2004లో మళ్లీ చెక్క గరిటె. 2006లో 3 గెలుపులు, మళ్లీ చెక్క గరిటె. 4 సీజన్లలో 3 సార్లు ఆఖరు! అభిమానుల బాధ ఊహించండి. రోడ్ల మీద నడిచి తెచ్చుకున్న టీమ్ వారం వారం చిత్తవుతోంది. స్టార్ ఒక్కడు లేడని అందరి ఏడుపు. ఉన్న స్టార్లేమో పక్క క్లబ్‌లో. ఉదాహరణకి క్రెయిగ్ వింగ్ సౌత్స్‌లోనే మొదలైన కుర్రోడు. టీమ్‌ని తీసేశాక రూస్టర్స్‌కి పోయాడు. సౌత్స్ తిరిగొచ్చిన 2002లోనే రూస్టర్స్‌తో కప్పు గెలిచాడు. ఆయన్ని తప్పు పట్టలేం. టీమే లేనప్పుడు ఆటగాడు ఎక్కడ ఆడాలి? శాలరీ క్యాప్ అందరికీ ఒకటే అయినా, ఒకే జీతం వస్తుందంటే గెలిచే చోటికి పోతారు గానీ ఓడే చోటికి ఎవరొస్తారు?

కానీ నన్ను పట్టేసిన లెక్క వేరే ఉంది. 2006లో, సౌత్స్ ఆఖరి స్థానంలో ఉన్న ఆ ఏడాదే, మొత్తం లీగ్‌లో అందరికంటే ఎక్కువ ట్రైలు చేసింది ఎవరు? నేథన్ మెరిట్. 22 ట్రైలు. ఏ టీమ్? సౌత్స్. ఆబోరిజినల్ బిడ్డ, రెడ్‌ఫర్న్ పిల్లోడు. స్టార్ లేడు, స్టార్ లేడు అని అందరూ ఏడుస్తుంటే, దేశంలో ఎక్కువ ట్రైలు చేసినోడు వాళ్ల జెర్సీలోనే ఉన్నాడు. ఒక్కడు టీమ్ మొత్తాన్ని మోయలేడు, నిజమే. అయినా "లేడు" అనే మాట మాత్రం అబద్ధం.

ఆ 2006 మార్చిలోనే క్లబ్ సభ్యులు ఓటు వేశారు. సినిమా నటుడు రస్సెల్ క్రో, వ్యాపారి పీటర్ హోమ్స్ ఎ కోర్ట్ కలిసి 30 లక్షల డాలర్లకి క్లబ్‌లో 75 శాతం కొంటామన్నారు. ఒప్పుకోవాలంటే ఓట్లలో 75 శాతం రావాలి. వచ్చింది 75.8. వెంట్రుకవాసి. పిగిన్స్ వద్దన్నాడు. ఇది జనం టీమ్, అమ్మొద్దు అన్నాడు. కలిసి నడిచినోళ్లే రెండుగా చీలిపోయారు. ఎవరు కరెక్ట్? ఓటమి మీద ఓటమి చూసినోడి ఆకలీ నిజమే, అమ్మేస్తే మనది కాకుండా పోతుందనే భయమూ నిజమే. నాకైతే ఇప్పటికీ తేలలేదు. మీరేమంటారో చెప్పండి.

డబ్బొచ్చాక స్టార్లు వచ్చారు. 2010లో ఇంగ్లండ్ నుంచి సామ్ బర్జెస్. 2011లో గ్రెగ్ ఇంగ్లిస్. ఈయన కూడా ఆబోరిజినల్. మెల్‌బోర్న్ క్లబ్ శాలరీ క్యాప్‌ని దొంగతనంగా దాటిందని 2010లో బయటపడి, ఆ టీమ్ చెదిరినప్పుడు సౌత్స్‌కి వచ్చాడు. 2014 అక్టోబర్ 5న ఫైనల్. సౌత్స్ 30, కాంటర్‌బరీ 6. 43 ఏళ్ల తర్వాత 21వ కప్పు. మొదటి నిమిషంలోనే చెంప ఎముక విరిగినా బర్జెస్ చివరిదాకా ఆడాడు. ఇంగ్లిస్ ట్రై చేసి గ్రౌండ్ మీద ఉడుంలా పాకాడు. 80 వేల మంది ముందు మన అడవి జీవి లాంటి జీవిని చూపించాడు!

అంటే స్టార్లని కొంటే సరిపోతుందా? ఆ రోజు కప్పు పట్టుకున్న కెప్టెన్‌ని చూడండి. జాన్ సట్టన్. 2004లో మొదలుపెట్టాడు. 2004 చెక్క గరిటె, 2006 చెక్క గరిటె, రెండూ తిన్నాడు. పోలేదు. ఆ టీమ్‌ని నడిపించిన ఆడమ్ రేనాల్డ్స్ రెడ్‌ఫర్న్ కుర్రోడే. ఆ రోజు మొదటి ట్రై చేసిన 19 ఏళ్ల అలెక్స్ జాన్‌స్టన్ లా పెరూజ్ పిల్లల క్లబ్ నుంచి వచ్చినోడు. మరి నేథన్ మెరిట్? సౌత్స్ తరఫున 146 ట్రైలు, అప్పటికి క్లబ్ రికార్డ్. కానీ ఆ ఫైనల్ టీమ్‌లో ఆయన పేరు లేదు. కరువు కాలమంతా దున్నినోడు, పండిన రోజు కంచం ముందు లేడు. ఇది చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

చివరిగా ఒక్క విషయం. 1971లో, సౌత్స్ 20వ కప్పు గెలిచిన ఏడాదే, సిడ్నీలో కొందరు ఆబోరిజినల్ యువకులు కూర్చుని ఒక మాట అనుకున్నారు. మనోళ్లలో బాగా ఆడేవాళ్లు చాలామంది ఉన్నారు, పెద్ద క్లబ్బుల సెలెక్టర్ల కళ్లకి మాత్రం ఆనట్లేదు, కాబట్టి మన గ్రౌండ్ మనమే పెట్టుకుందాం అని. అలా కూరీ నాకౌట్ టోర్నమెంట్ పుట్టింది. గెలిచినోళ్ల ఊళ్లో మరుసటేడు టోర్నమెంట్. ఇప్పటికీ నడుస్తోంది. దాన్ని చూడటానికి వేలమంది చుట్టాలు ఒకచోట కలుస్తారు. వాళ్లు స్టార్ కోసం ఎదురు చూడలేదు. స్టార్ కనబడే చోటు కట్టారు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. మొన్న ఓడిపోయిన మ్యాచ్‌కి టీమ్ లిస్ట్ రాసింది నేనే. ఫస్ట్ ఇయర్ తమ్ముళ్లు ఇద్దరిని "చిన్నోళ్లు కదా" అని రిజర్వ్‌లో కూర్చోబెట్టాను. ఒక్కసారి కూడా దింపలేదు. ఓడిపోయాక మెస్‌లో స్టార్ లేడన్న మాటకి నేను తలూపినప్పుడు ఆ ఇద్దరూ నా ఎదురుగానే కూర్చుని అన్నం తింటున్నారు.

మరుసటి రోజు పొద్దున్నే వాళ్లని గ్రౌండ్‌కి పిలిచాను. అందులో ఒకడు ముగ్గురి పట్టులోంచి గీత తాకి వచ్చాడు. స్టార్ అని నేను అనను. కానీ వాడు ఉన్నాడు.

ఎండాకాలం సెలవుల్లో మన గూడేల టీమ్‌లకి ఒక చిన్న టోర్నమెంట్ పెడదామని ఉంది. ఎంట్రీ ఫీజు వద్దు. గెలిచిన గూడెంలో మరుసటేడు. ఒకే ఒక్క షరతు: రిజర్వ్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ కనీసం ఒక్క రైడ్ అయినా చేయాలి. గ్రౌండ్ ఉన్నవాళ్లు, సున్నం గీతలు వేయగలిగినవాళ్లు, ఈల ఉన్నవాళ్లు చెప్పండి. లిస్ట్ మాత్రం ఈసారి నేనొక్కడినే రాయను.

జై ఆదివాసీ.