తెరమీది యక్షరము



నలువది యేండ్లు దాటినవారికి చత్వారము వచ్చుట సహజము. పెద్దలు భాగవతమును చేయి చాచి దూరముగా పట్టుకొని చదువుట మనమందరము చూచినదే. తాటాకుమీది యక్షరమైనను, అచ్చుపుస్తకములోని యక్షరమైనను చదువరికొరకు పెరుగదు. కన్నే దానికి సర్దుకొనవలెను. ఇటలీదేశమున 1286 ప్రాంతమున సులోచనములు పుట్టినవి. 1306లో ఫ్లారెన్సు నగరమున జోర్డానో యను మతబోధకుడు, ఈ విద్య వెలసి యింకను ఇరువది యేండ్లయినను కాలేదని తన యుపన్యాసమున చెప్పెను. అది మొదలు కొన్ని వందల యేండ్లు చికిత్సయంతయు కంటివైపుననే జరిగినది. పుట మాత్రము మారలేదు. చదువరి కోరినంత పెరుగు అక్షరము కంప్యూటరు తెరతోనే వచ్చినది. అదియు సుళువుగా రాలేదు.

తెర యనునది చుక్కల ముగ్గు వంటిది. అదే వాకిట చుక్కలు దగ్గరదగ్గరగా పెట్టినచో, పదునారు చుక్కల పద్మము చిన్నదగును. తెరమీది చుక్కల లెక్కనే రిజల్యూషన్ అందురు. 1984లో వచ్చిన మాకింటాష్ తెరకు అడ్డముగా 512, నిలువుగా 342 చుక్కలు, అంగుళమునకు 72. 1987లో ఐబిఎమ్ వారి వి.జి.ఎ. పద్ధతిలో 640, 480 అయ్యెను. 2010 నాటి ఐఫోన్ 4లో అంగుళమునకు 326 చుక్కలు! అక్షరమును చుక్కలతో కొలిచినన్నినాళ్లు, చుక్కలు కిక్కిరిసినకొలది అక్షరము కుంచించుకొనిపోయెను. యంత్రము బాగుపడగా ముసలికన్నునకు శిక్ష పడినది.

అప్పుడు పలువురు చేసిన పని యేమనగా, చుక్కల లెక్కనే తగ్గించిరి. పాతకాలపు గాజుగొట్టపు తెరలలో నది చెల్లినది. తరువాత వచ్చిన పలుచని తెరలలో చుక్కలు స్థిరముగా పాతుకొనియుండును. లెక్క తగ్గించినచో యంత్రము ఒక చుక్కను ప్రక్కచుక్కలపై పులిమి చూపును. అక్షరము పెద్దదగును గాని అలికినట్లుండును. ఇది తెలియక తన దృష్టియే పోయినదని చదువు మానిన పెద్దలున్నారన్న నాకు ఆశ్చర్యము లేదు.

మన తెలుగునకు ఈ బాధ మరింత యెక్కువ. 'స్త్రీ' యను నొక్క యక్షరమున సకారమునకు రెండు ఒత్తులు, పైన గుడిదీర్ఘము. ఇంగ్లీషు అక్షరమునకు చాలిన చుక్కలు దీని కెట్లు చాలును? ధకారము క్రింది చిన్నగీత మాసిపోయినచో 'ధార' కాస్త 'దార' యగును. నీటిపాయ భార్యగా మారును! 1991లో యూనికోడు పట్టికలో తెలుగునకు చోటు దొరికినది. 2001లో విండోస్ ఎక్స్‌పితో గౌతమి యను అక్షరరూపము వచ్చినది. కాని చిన్న యక్షరములలో ఒత్తులను పోల్చుకొనుట కష్టముగనే యుండెను.

బ్రౌజరులలో మొదట అక్షరము మాత్రమే పెరిగెడిది. బొమ్మలు, గడులు పెరుగకుండుటచే మాటలు ఒకదానిపై నొకటి పడెడివి. పుటనంతటిని కలిపి పెంచు పద్ధతిని ఒపెరా ముందుగా చూపగా, 2006లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7, 2008లో ఫైర్‌ఫాక్స్ 3 దానిని చేపట్టినవి. 2007లో ఐఫోన్ రెండువ్రేళ్లు విప్పి పెంచుటను ఇంటింటికి నేర్పినది. అయినను పెరిగిన పుట తెర దాటి ప్రక్కకు పోయెడిది. 2010లో ఈథన్ మార్కాట్ అను నతడు, తెర వెడల్పునుబట్టి పుటయే ఒదిగిపోవు విధానమునకు పేరు పెట్టి ప్రచారము చేసెను. నా మతమున సులోచనముల తరువాత వృద్ధులకు జరిగిన మేళ్లలో నిది గొప్పది.

కావున చుక్కల లెక్కను యంత్రము సిఫారసు చేసినట్లే యుంచి, విండోస్ అమరికలలో 'స్కేలు' అనుదానిని 125కో 150కో పెంచవలెను. బ్రౌజరులో కంట్రోలు మీటను నొక్కిపట్టి ప్లస్ గుర్తును నొక్కినచో పుట పెరుగును, మైనస్ నొక్కినచో తగ్గును. మనుమడు వచ్చి "తాతా, ఇంత పెద్దది చేసితివేమి?" అనినచో, కంట్రోలుతో సున్న నొక్కిన చాలును, పుట మరల నూటికి వచ్చును.