పొరుగు

వినతిపత్రం రాసిపెట్టమని అడిగారు. ఒక విశ్వవిద్యాలయంలో హాస్టళ్ళూ తరగతి గదులూ ఊడ్చి తుడిచే ఆడవాళ్ళు, మెస్సులో వండే ఇద్దరు, రాత్రి గేటు దగ్గర కాపలా ఉండే ఒక పెద్దాయన. క్యాంటీన్ వెనక వేపచెట్టు కింద కూర్చున్నాం. అలవాటైన చేత్తో మొదటి వాక్యం రాసి వినిపించాను: "పొరుగు సేవల ఉద్యోగులమైన మేము విన్నవించుకునేది ఏమనగా..."

చీపురు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒకావిడ అక్కడే ఆపింది.

"సారూ, పొరుగు అని ఎందుకు రాసిన్రు? మేం పొరుగోళ్ళమా? పన్నెండేండ్ల సంది ఈడ్నే ఊడుస్తున్నం గదా."

"అవుట్‌సోర్సింగ్‌కి పేపర్లో రాసే మాట అదేనక్కా" అన్నాను.

"పేపరోళ్ళు మమ్ముల అడిగి రాసిన్రా?"

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ మెడలో తాడుకు ఒకటి కాదు, నాలుగు కార్డులున్నాయి. టెండరు చేతులు మారినప్పుడల్లా ఏజెన్సీ మారింది, ఏజెన్సీతోపాటు కార్డూ మారింది. పాతవి పారేయకుండా ఆ తాడుకే గుచ్చుకుంది. కార్డు మీద ఏజెన్సీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. అడుగున 'పని స్థలం' అన్నచోట విశ్వవిద్యాలయం పేరు చిన్నగా ఉంది. నాలుగు ఫొటోల్లో ఆవిడ నాలుగు వయసుల్లో కనిపిస్తుంది. మొదటి దాంట్లో జుట్టంతా నలుపు. పని స్థలం మాత్రం నాలుగింటిలోనూ ఒక్కటే.

ఆ రాత్రి ఇంటికొచ్చి నిఘంటువులు తీశాను.

పాత పుస్తకాల్లో ఈ మాటను శకటరేఫతో 'పొఱుగు' అని రాస్తారు. మనం వాడటం మానేసిన ఆ బండి 'ఱ'యే ఈ మాట చుట్టాలను పట్టిస్తుంది. తమిళంలో 'పుఱం' అంటే బయట. మలయాళంలోనూ అంతే. పాత కన్నడంలో 'పొఱగు' అంటే బయట, అదే ఇవాళ్టి కన్నడంలో 'హొరగు' అయింది. బరో, ఎమెనో 1961లో అచ్చువేసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వీటన్నిటినీ ఒకే కుదురుకు చేరుస్తుంది. అక్కచెల్లెళ్ళందరిలో ఈ మాటకు బయట అనే అర్థం ఉంటే, తెలుగులో మాత్రం గడప దాటి పక్కింటి వాకిట్లో ఆగిపోయింది. నా ఇంటికి బయట ఏముంది అంటే ఇంకో ఇల్లుంది అని తెలుగు జవాబు చెప్పింది. ఈ మాటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

పక్కిల్లు అన్నాక దానితోపాటు ఒక నడత కూడా వచ్చింది. ఇరుగూ పొరుగూ అంటే చేబదుళ్ళు, తోడుకు మజ్జిగ, పెళ్ళికి గిన్నెలు, చావుకు భుజం. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెతలో ఆ కూర మన ఇంటికి వచ్చిందన్న సంగతి కూడా ఉంది, రుచి తెలిసింది అందుకే కదా. పొరుగావిడకు జ్వరమొస్తే జావ కాచి గిన్నె మీద మూత పెట్టి పట్టుకెళ్ళేవాళ్ళను మనమందరం చూశాం. ఆ జావ గిన్నె సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు పత్రికల మాట. అవుట్‌సోర్సింగ్‌లోని 'సోర్స్' పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని వెనక 'పైకి ఉబికి రావడం' అనే అర్థమున్న లాటిన్ క్రియ ఉంది. అంటే ఊట. పెరట్లో బావి ఉండగా ఊటను బయట వెతుక్కోవడమన్నమాట. దీనికి దేశి మాట కావాల్సి వచ్చినప్పుడు కన్నడంవాళ్ళు 'హొరగుత్తిగె' అన్నారు. హొర అంటే బయట, గుత్తిగె అంటే గుత్త. మలయాళంవాళ్ళు 'పుఱంకరారు' అన్నారు. పుఱం అంటే బయట, కరారు అంటే ఒప్పందం. తెలుగులో 'పొరుగు సేవలు' అన్నారు. మూడు భాషల్లోనూ మొదటి సగం ఒకే వేరు. కానీ కన్నడ, మలయాళ మాటలు జరిగిన పనిని ఉన్నదున్నట్టు చెప్తున్నాయి: బయట, ఒప్పందం. తెలుగు మాటలో బయట పక్కిల్లయింది, ఒప్పందం సేవ అయింది. రెండు సగాలూ మెత్తబడ్డాయి. ఎవరో కావాలని చేశారని నేననను. ఒక ఉపసంపాదకుడు రాత్రి డ్యూటీలో శీర్షికలో ఇమిడే మాట కోసం వెతికి ఉంటాడు. కానీ మాట ఒకసారి అచ్చులోకి ఎక్కాక, అది దాచిన సంగతి దాగే ఉంటుంది.

'గుత్త' మనకు లేని మాటేం కాదు. చెరువు గుత్తకిస్తాం, తోట గుత్తకిస్తాం, గుత్తేదారు అంటాం. సొత్తంతా ఒక్కడి చేతిలోకి పోతే గుత్తాధిపత్యం అంటాం. అంత పదునైన మాట చేతిలో ఉండగా దాన్ని వదిలేసి 'సేవ' పట్టుకున్నాం. పనికి కూలి అడగొచ్చు, ఉద్యోగానికి జీతం అడగొచ్చు, సేవకు ఏం అడుగుతాం? సంస్కృతంలో ఆ ధాతువుకే దగ్గర ఉండి కొలవడమనే అర్థముంది. అంగన్‌వాడీ అమ్మలకిచ్చేదాన్ని 'గౌరవ వేతనం' అన్నప్పుడూ ఇదే జరిగింది. వేతనం తగ్గినచోట గౌరవం వచ్చి కూర్చుంది. 2021 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం అవుట్‌సోర్సింగ్ సిబ్బందిలో అట్టడుగు శ్రేణికి నెలకు 15,600 రూపాయలు నిర్ణయించింది. పీఎఫ్, ఈఎస్‌ఐ పోగా చేతికొచ్చేది పదమూడు వేల చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జూలైలో ఏజెన్సీల బదులు ఆప్కాస్ అనే ప్రభుత్వ సంస్థనే పెట్టారు. దళారి పోయాడు గానీ ఆ సంస్థ పేరులోనే అవుట్‌సోర్సింగ్ మిగిలింది.

తెలుగులో బయటకు అసలైన మాట 'వెలి'. వెలుపల, వెలివేత, వెలివాడ అన్నీ అందులోంచి వచ్చినవే. 2016 జనవరిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో హాస్టళ్ళ నుంచి గెంటేసిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు ఆరుబయట తాము పడుకున్న చోటికి ఏ పేరు పెట్టారో మనకు తెలుసు: వెలివాడ. తమకు జరిగినదానికి సరైన మాట వాళ్ళకు వెంటనే దొరికింది. చెట్టు కింద నాతో కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది ఊళ్ళల్లో ఆ వాడల నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళను పొరుగు అంటే తప్పు రెండు వైపులా ఉంది. రోజూ లోపలే ఉండేవాళ్ళను పక్కింటివాళ్ళంటున్నాం. పక్కింటివాళ్ళంటూనే వాళ్ళకు వెలి చూపిస్తున్నాం.

పొరుగుకు అర్థం కోసం నేను మొదట చూసింది బ్రౌన్ నిఘంటువు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో తన బంగళాలోనే పండితులను పెట్టుకుని, సొంత డబ్బుతో వాళ్ళకు జీతాలిచ్చి తాటాకులు ఎత్తిరాయించాడు. ఇంగ్లండు తిరిగి వెళ్ళాక 1865లో లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు. ఆ విశ్వవిద్యాలయం ప్రధాన భవనం ఇప్పుడు బ్లూమ్స్‌బరీలో మాలెట్ స్ట్రీట్ మీద ఉంది. 1930ల్లో చార్లెస్ హోల్డెన్ అనే వాస్తుశిల్పి నమూనా గీసిన తెల్లరాతి కట్టడం అది. పేరు సెనేట్ హౌస్. పేరులోనే ఇల్లుంది.

ఆ ఇంటిని తెల్లవారకముందే ఊడ్చేవాళ్ళలో ఎక్కువమంది లాటిన్ అమెరికా దేశాల నుంచి వచ్చి స్పానిష్ మాట్లాడే వలస కార్మికులు. అప్పట్లో జీతమిచ్చేది ఒక గుత్తేదారు కంపెనీ. 2012లో వాళ్ళు తమ పోరాటానికి పెట్టుకున్న పేరు 'త్రెస్ కోసాస్', అంటే మూడు సంగతులు. జబ్బుపడితే జీతం, సెలవులు, పింఛను. విశ్వవిద్యాలయం సొంత సిబ్బందికి ఉన్నవే మాకూ ఇవ్వండి అన్నారు. అప్పటి బ్రిటన్ చట్టం ప్రకారం జబ్బుపడిన మొదటి మూడు రోజులకు యజమాని ఏమీ ఇవ్వనక్కర్లేదు, ఆ తర్వాతా ఇచ్చేది నామమాత్రమే. మూడు రోజుల జ్వరానికి మూడు రోజుల కూలి పోయేది. అందుకే జ్వరంతోనే బకెట్టు పట్టుకుని వచ్చేవాళ్ళు. జావ గిన్నె అని ఇందాక అన్నది ఇందుకే. పొరుగు అన్న మాటకు మన పల్లెల్లో ఉన్న మొదటి బాధ్యతే లండన్‌లో వాళ్ళ మొదటి కోరిక అయింది.

'కోసా' ఏమంత మామూలు మాట కాదు. స్పానిష్‌లో ఇవాళ వస్తువు, సంగతి అని అర్థం. కానీ అది లాటిన్ 'కౌసా' నుంచి వచ్చింది. ఆ లాటిన్ మాటకు కారణమనీ, న్యాయస్థానంలో వ్యాజ్యమనీ అర్థాలు. ఇంగ్లీషు 'కాజ్' కూడా అందులోంచి పుట్టిందే. మూడు వస్తువులు అడుగుతున్నామని వాళ్ళు అన్నప్పుడు, ఆ మాట లోపల మూడు వ్యాజ్యాలు ఉండనే ఉన్నాయి. పాత పెద్ద యూనియన్‌తో పొసగక 2013లో వాళ్ళు బయటికొచ్చి ఇండిపెండెంట్ వర్కర్స్ యూనియన్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్‌లో తమ శాఖ పెట్టుకున్నారు. ఆ నవంబరులో రెండు రోజులు, 2014 జనవరిలో మూడు రోజులు సమ్మె చేశారు. జబ్బు జీతం, సెలవులు మెరుగయ్యాయి. పింఛను అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత కోరికే మారింది. మూడు సంగతులు కాదు, మమ్మల్నే లోపలికి తీసుకోండి అన్నారు. దానికి వాళ్ళు వాడిన మాట 'ఇన్‌హౌస్', ఇంటిలోపల. ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. మన సంఘాలు ఏమడుగుతాయి? 'పర్మినెంట్ చేయాలి' అంటాయి. అది కాలానికి సంబంధించిన మాట. రేపు కూడా ఉంచుతారా అన్న భయం లోంచి వచ్చింది. 'క్రమబద్ధీకరణ' అంటాయి, అది ఫైలు మాట, ఇన్నాళ్ళూ మా ఉనికే క్రమం తప్పిందని తామే ఒప్పుకున్నట్టుంటుంది. లండన్‌వాళ్ళ మాట చోటుకు సంబంధించింది. ఈ ఇల్లు ఎవరిది, మేం ఏ ఇంటివాళ్ళం? వేపచెట్టు కింద ఆవిడ అడిగింది సరిగ్గా ఇదే. ఆవిడ పర్మినెంట్ అనలేదు. 'ఈడ్నే' అంది.

ఆ ఇంట్లోకి దారి సులువుగా తెరుచుకోలేదు. అదే విశ్వవిద్యాలయంలో భాగమైన సోయాస్‌లో, మన దక్షిణాసియా భాషలూ చరిత్రలూ చదువుకునే చోట, 2009 జూన్ 12 పొద్దున్నే సిబ్బంది సమావేశమని చెప్పి పాచిపని చేసేవాళ్ళను ఒక గదిలోకి పిలిచారు. వలస శాఖ అధికారులు అక్కడ కాచుకుని ఉన్నారు. తొమ్మిదిమందిని పట్టుకున్నారు, వాళ్ళలో కొందరిని దేశం దాటించారు. 'సమావేశం' అన్న మాటను అలా వాడినవాళ్ళను ఆ మాట ఎన్నటికీ క్షమించదు. అయినా మిగిలినవాళ్ళు విద్యార్థులతో, అధ్యాపకులతో కలిసి నిలబడ్డారు. 2017లో సోయాస్ ఒప్పుకుంది, మరుసటి ఏడాది వాళ్ళు సంస్థ సొంత సిబ్బంది అయ్యారు. సెనేట్ హౌస్ విషయం కోర్టుకెక్కింది. విశ్వవిద్యాలయమే మా అసలు యజమాని, మాతో నేరుగా బేరమాడాలి అన్న యూనియన్ వాదనను 2019లో లండన్ హైకోర్టు ఒప్పుకోలేదు. కోర్టులో ఓడిన ఆ యూనియన్ గేటు దగ్గర నిలబడి గెలిచింది. అంచెలంచెలుగా అక్కడి సిబ్బంది కూడా ఇంటిలోపలికి వచ్చారు.

మన దగ్గర ఈ ప్రశ్నకు చట్టంలో ఒక మంచి మాట దొరికింది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం పని ఎవరి ఆవరణలో జరుగుతుందో వాళ్ళను 'ప్రధాన యజమాని' అంది. గుత్తేదారు కూలి ఎగ్గొడితే ప్రధాన యజమాని చెల్లించాలంది. ఆ చట్టం చూపు పని జరిగే చోటు మీద ఉండేది, కార్డు మీద కాదు.

ఇంకొక్క మాట చెప్పాలి. 'యూనివర్సిటీ' పుట్టిన లాటిన్ 'యూనివర్సితాస్'కు మధ్యయుగాల్లో కొందరు కలిసి ఒక్కటిగా కట్టిన సంఘం అని అర్థం. చేతిపనులవాళ్ళ సంఘాలకూ అదే మాట వాడేవారు. గురువులూ శిష్యులూ కట్టుకున్న సంఘానికి ఆ పేరు మిగిలిపోయింది. మన విశ్వవిద్యాలయంలోని 'విశ్వ'కు లోకమని అర్థం చెప్పుకుంటాం గానీ, వేదభాషలో విశ్వ అంటే అందరూ, అన్నీ అని. ఆలయమంటే ఇల్లు. అందరి చదువుల ఇల్లు అని తలుపు మీద రాసుకున్న చోట ఊడ్చేవాళ్ళను పక్కింటివాళ్ళనడం ఆ పేరుకే తగదు.

మర్నాడు వినతిపత్రం మళ్ళీ రాశాను. పొరుగు కొట్టేశాను, సేవ కొట్టేశాను. "ఈ విశ్వవిద్యాలయంలో పనిచేసే మేము" అని మొదలుపెట్టాను. ఆవిడ రెండుసార్లు చదివించుకుని వేలిముద్ర వేయబోయి, ఆగి, పెన్ను అడిగి సంతకం పెట్టింది. నలుగురం పరిపాలనా భవనానికి వెళ్ళాం. ఇన్‌వార్డు సెక్షన్‌లో గుమాస్తా కాగితం తీసుకుని రిజిస్టరు తెరిచాడు.

"ఏ ఏజెన్సీ అమ్మా?"

"యూనివర్సిటీవోళ్ళం సారూ" అంది.

అతను ఒకసారి తలెత్తి ఆవిడ మెడలో కార్డుల వైపు చూశాడు. తర్వాత 'ఎవరి నుంచి' అన్న గడిలో ఏదో రాసి, ముద్ర కొట్టి, నకలు మీద నంబరు వేసి ఇచ్చాడు. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి కార్డు వెనక ప్లాస్టిక్ తొడుగులో దోపుకుంది. రెండో అంతస్తు వరండా ఇంకా తుడవాల్సి ఉందని వెళ్ళిపోయింది.