ఎర్రగుడి బండ మీద యవన రాజులు

గ్రీకు నాగరికత గురించి మన కళాశాలల్లో చెప్పే పాఠానికి ఒక మూస వుంది. ఏథెన్సుతో మొదలవుతుంది, సోక్రటీసు విషపాత్ర మీదుగా నడుస్తుంది, అలెగ్జాండరు బియాస్ నది దగ్గర వెనక్కి తిరగడంతో ముగుస్తుంది. ఆ పాఠం వినే అనంతపురం విద్యార్థికి గ్రీసు ఎక్కడో సముద్రాల కవతలి ముచ్చట. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎనిమిది మైళ్ల దూరాన, ఎర్రగుడి గుట్ట మీది బండలకు గ్రీకు రాజులతో సంబంధం వుందని అతనికి ఎవరూ చెప్పరు.

1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ బండల మీది అశోకుని రాతలను గుర్తించాడు. పధ్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ, లఘు శాసనాలూ కూడా అక్కడే వున్నాయి. ఇలాంటి చోట్లు దేశంలో అరుదు. పదమూడవ శాసనం కళింగ యుద్ధాన్ని గురించినది. లక్షమంది హతులయ్యారనీ, లక్షా యాభైవేల మందిని చెరపట్టి తరలించారనీ గెలిచిన రాజే చెప్పుకున్న శాసనం అది. ఇక ధర్మంతోనే విజయమంటూ ఆ విజయం పొందిన చోట్లు వరసగా చెబుతాడు: యవనరాజు అంతియోకుడు, అతనికవతల తురమయుడు, అంతికిని, మగుడు, అలికసుదరుడు. ఆ వరసలోనే, తన ఏలుబడిలో వున్న జనాల్లో, ఆంధ్రుల పేరూ వుంది. ఎర్రగుడి ప్రతి ఎండకూ వానకూ దెబ్బతిన్నది. కాల్సీ, షాబాజ్‌గర్హీ ప్రతులను పక్కన పెట్టుకుని చదువుకోవాలి.

ఈ అయిదుగురిలో అంతియోకుడు సిరియా పాలకుడు రెండవ ఆంటియోకస్. తురమయుడు ఈజిప్టు నేలిన రెండవ టాలమీ. అంతికిని మాసిడోనియా రాజు, మగుడు సైరీను రాజు. అలికసుదరుడు ఎపిరస్ వాడా, కారింత్ వాడా అన్నది పండితులు తేల్చలేదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదవగలిగాడు గాని, అశోకుని కాలాన్ని గట్టిగా నిలబెట్టింది ఈ పేర్లే. వీరందరూ ఒక్కసారి గద్దెల మీద వున్నది క్రీ. పూ. 3వ శతాబ్దం నడుమ కొద్ది ఏళ్లు మాత్రమే. మన ప్రాచీన చరిత్ర కాలక్రమమంతా ఆ కొద్ది ఏళ్లను పట్టుకునే నిలబడింది. సర్వమూ మననుంచే లోకానికి పోయిందనే వారూ, సర్వమూ గ్రీసునుంచే మనకు వచ్చిందనే వారూ ఈ సంగతి దగ్గర కొంచెం ఆగితే బాగుంటుంది.

1958లో ఆఫ్ఘనిస్తాన్‌లోని కాందహార్‌లో అశోకుని గ్రీకు శాసనం దొరికింది. 1963లో మరొక రాయి బయటపడింది. దాని మీద పన్నెండు, పదమూడు శాసనాల భాగాలు గ్రీకులో వున్నాయి. అనువాదకుడు 'ధమ్మ'కు 'యుసెబీయా' అన్నాడు. దైవభక్తి, పెద్దలయెడ గౌరవం అనే అర్థాలున్న మాట అది. బ్రాహ్మణ, శ్రమణ పదాలకు మాత్రం గ్రీకులో సాటి మాట దొరక్క వాటిని అలాగే వుంచేశాడు. యవనుల దేశంలో తప్ప బ్రాహ్మణులూ శ్రమణులూ లేని జనపదం లేదని పదమూడవ శాసనమే అంటుంది. అనువాదకుని యిబ్బందికి కారణం నిఘంటువులో లేదు, సమాజంలో వుంది.

అయితే వర్ణాలు లేవు గనుక గ్రీకు సమాజం సమసమాజమని మురిసిపోనక్కర లేదు. పాళీ మజ్ఝిమనికాయంలోని అస్సలాయన సుత్తంలో బుద్ధుడు ఒక బ్రాహ్మణ యువకుణ్ణి అడుగుతాడు: యోన, కాంభోజ దేశాల్లో దొర, దాసుడు అని రెండే వర్ణాలట, దొర దాసుడు కావచ్చునట, దాసుడు దొర కావచ్చునట, విన్నావా? వర్ణం దైవదత్తం కాదని చూపడానికి బుద్ధుడు వాడిన సాక్ష్యం ఇది. గ్రీకుల గుట్టు కూడా అందులోనే బయటపడుతుంది. పార్థినాన్ కళాఖండమే, సందేహం లేదు. కాని ఏథెన్సు నౌకాబలానికి పెట్టుబడి లారియన్ గనుల వెండి; ఆ వెండి తవ్వింది బానిసలు. బానిసను ప్రాణమున్న పనిముట్టుగా లెక్క కట్టిన అరిస్టాటిల్‌ది కూడా ఆ నగరంలో పెరిగిన తత్వశాస్త్రమే. డెమోక్రిటస్, ఎపిక్యురస్‌ల అణువాదమూ ఆ నేల మీదిదే. 1841లో మార్క్స్ డాక్టరేటు వ్యాసం వీరిద్దరి ప్రకృతి తత్వాల తేడా మీదనే అని మన విద్యార్థులకు గుర్తు చేయాలి. ఒక సమాజపు సంపద ఎలా వచ్చిందో అడిగితే ఆ సమాజపు ఆలోచన విలువ తగ్గిపోదు.

గ్రీకుల నుంచి మనకు ఏం వచ్చింది? 'కేంద్రం' వారి 'కెంట్రాన్'. పంచాంగంలోని 'హోర' వారిదే. 'సొరంగం' కూడా గ్రీకు 'సిరింక్స్' నుంచి వచ్చిందని భాషావేత్తల అభిప్రాయం. జ్యోతిషాన్ని 'యవనజాతకం' సంస్కృతంలోకి తెచ్చింది. యవనులు మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రం వారిలో నెలకొన్నది గనుక ఋషుల్లా పూజనీయులని 6వ శతాబ్దపు వరాహమిహిరుడు ఒప్పుకున్నాడు. ఆయన పెద్దమనసు మెచ్చదగిందే. కాని యూక్లిడ్ రేఖాగణితం సంస్కృతంలోకి వచ్చింది 18వ శతాబ్దంలో, జయసింహుని ఆస్థానంలో, అదీ అరబ్బీ మీదుగా. మనకూ శుల్బసూత్రాల నాటి నుంచి గణితం వుంది, నిజమే. అయినా మెట్టుమెట్టుగా రుజువు చేసే పద్ధతికి పట్టిన ఆలస్యం జాతకచక్రానికి ఎందుకు పట్టలేదు? ముహూర్తం కావలసిన రాజులూ, పెట్టడానికి జీతం తీసుకునే వారూ ఎప్పుడూ వున్నారు. రుజువుతో వారికి పని పడలేదు.

మగధకు యింత దూరాన శాసనం ఎందుకు చెక్కించారన్న ప్రశ్నకు జవాబు నేలలో వుంది. ఎర్రగుడి పక్కనే జొన్నగిరి. అదే అశోకుని సువర్ణగిరి అని కొందరి అభిప్రాయం. ఈ చుట్టుపక్కల పాత బంగారు గుంతలున్నాయి. (తొలకరి పడగానే జొన్నగిరి చేలలో వజ్రాలు ఏరుకోవడానికి జనం యిప్పటికీ వస్తారు.) ధర్మశాసనం నిలిచిన చోటు బంగారపు సీమ అంచు కావడం ఉత్త కాకతాళీయం కాదని నా అనుమానం.

ఏడాదికి అయిదువందల యాభై మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని అనంతపురం వాళ్లం ముందుగా చదవవలసింది రెండవ శాసనం. అంతియోకుని రాజ్యందాకా మనుషులకూ పశువులకూ చికిత్స ఏర్పాటు చేశాననీ, మూలికలు నాటించాననీ, దారుల వెంట చెట్లు పెట్టించి బావులు తవ్వించాననీ అశోకుడంటాడు. గ్రీకు రచనల్లో దీనికి సాక్ష్యం కనబడదు; ఇది రాజు తనను గురించి తాను చెప్పుకున్న మాట. ప్రాకృత మూలంలోనూ అది ప్రేరణార్థక క్రియే, 'తవ్వించబడినవి' అని. తవ్వించినవాడి పేరు రాతి మీద వుంది, తవ్వినవాళ్ల పేరు లేదు.

పనిచేసినవాడి పేరు ఒక్కటి మాత్రం మన పొరుగున మిగిలింది. చిత్రదుర్గం జిల్లా బ్రహ్మగిరి శాసనం చివర చపడుడనే లేఖకుడు తన పేరు రాసుకున్నాడు. 'లిపికరుడు' అన్న మాటను బ్రాహ్మిలో కాక, కుడినుంచి ఎడమకు నడిచే ఖరోష్ఠిలో రాశాడు. యవనుల పొరుగున, గాంధార సీమలో వాడిన లిపి అది. ఎర్రగుడి లఘుశాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికి, కొన్ని కుడినుంచి ఎడమకు, మడక సాలు మళ్లినట్టు నడుస్తాయి. పాత గ్రీకులూ ఒకప్పుడిలాగే రాసేవారు, దానికి వారు పెట్టిన పేరుకు అర్థం కూడా ఎద్దు మళ్లినట్టు అనే. అయితే అశోకుని నాటికి వారు ఆ పద్ధతి మానేశారు, కాబట్టి ఇది వారి నుంచి వచ్చిందనలేం. ఖరోష్ఠికి అలవాటుపడిన చెయ్యి ఉలి పట్టిందనుకోవడమే సబబు. ఎర్రగుడిలో ఆ చెయ్యి ఎవరిదో రాసి లేదు.